వృద్ధుల చీలమండ అస్థిభంగం – శస్త్రచికిత్సా నిర్ణయం: మలక్‌పేట ప్రాంత జీవన నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

అరవయ్యేళ్లు దాటినవారిలో చీలమండ విరిగినప్పుడు శస్త్రచికిత్స చేయాలా, కట్టుతో సరిపెట్టాలా అన్న ప్రశ్నకు ఎక్స్‌రే ఒక్కటే సమాధానం చెప్పలేదు. కీలు స్థిరత్వం, కాలి చర్మం, రక్తప్రసరణ, మధుమేహం వల్ల నాడులకు కలిగిన నష్టం, రోగి తిరిగి వెళ్లవలసిన ఇల్లు – ఇవన్నీ ఆ నిర్ణయంలో భాగస్వాములు. బ్రిటన్‌లో జరిగిన ప్రధాన అధ్యయనాల ఫలితాలను మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాల జీవన పరిస్థితులకు అన్వయించేటప్పుడు ఏవి నిలుస్తాయో, ఏవి సవరించుకోవాలో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: చీలమండ, అస్థిభంగం, వృద్ధాప్యం, మధుమేహం, పిండికట్టు, ప్లేటు, ఫిబులా నెయిల్, మలక్‌పేట.

1. ప్రవేశిక

మూసీ దాటి చాదర్‌ఘాట్ మీదుగా తూర్పుకు వచ్చే రహదారి మలక్‌పేట, మూసారాంబాగ్, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేటల గుండా ఎల్.బి.నగర్ చేరి, అక్కడి నుంచి విజయవాడ వైపు సాగిపోతుంది. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట – ఎల్.బి.నగర్ మెట్రో మార్గం ప్రారంభమైన తరువాత ఈ దారికి కొత్త రూపం వచ్చింది గాని, దాని కిరుపక్కలా ఉన్న బస్తీల ఇళ్ల రూపం పెద్దగా మారలేదు. కింద యజమాని, పైన అద్దెవాటాలు. లిఫ్టు లేని ఇరుకు మెట్లు. నునుపు బండలు పరచిన స్నానాలగది. చాలా ఇళ్లలో ఇప్పటికీ గొంతుకూర్చునే మరుగుదొడ్డి. ఆసుపత్రులకు మాత్రం కొదవ లేదు. మలక్‌పేటలో ప్రభుత్వ ఏరియా ఆసుపత్రి, యశోద, ఎల్.బి.నగర్‌లో కామినేని, నది అవతలి గట్టున ఉస్మానియా, ఇంకాస్త దూరంలో, ఎముకల ఆసుపత్రిగా పుట్టి పెరిగిన నిమ్స్. నల్లగొండ వైపు నుంచి వచ్చే రోగికి నగరం మొదలయ్యేది కూడా ఈ దారిలోనే.

వృద్ధుల్లో చీలమండ విరగడానికి పెద్ద ప్రమాదమేమీ జరగనక్కరలేదు. తడిబండ మీద కాలు జారడం, చీకట్లో చివరి మెట్టు ఉందనుకొని అడుగు వేయడం, ఆటో దిగుతూ పాదం మెలిక పడడం చాలు. ఇంట్లోవారు దాన్ని బెణుకనుకుంటారు. పసుపు, సున్నం కలిపి పట్టు వేస్తారు. రెండు రోజులు చూద్దామంటారు. బెణుకుకూ విరుపుకూ తేడాను ప్రాథమికంగా గుర్తించడానికి 1992లో కెనడా వైద్యులు ప్రతిపాదించిన ఒట్టావా సూత్రాలు నేటికీ ఉపయోగపడుతున్నాయి. చీలమండకు ఇరువైపులా ఉన్న గుబ్బల వెనుక అంచున, కింది ఆరు సెంటీమీటర్ల మేర ఎక్కడైనా నొక్కితే నొప్పి ఉన్నా, దెబ్బ తగిలిన వెంటనేగాని వైద్యుని వద్దగాని నాలుగడుగులు వేయలేకపోయినా ఎక్స్‌రే తీయాలి. అయితే దీర్ఘకాలంగా మధుమేహం ఉన్నవారి విషయంలో ఈ సూత్రాలను నమ్ముకోరాదు. పాదాల్లో స్పర్శ నశించినవారు విరిగిన కాలితోనే వారం రోజులు తిరిగి, వాపు తగ్గలేదని మాత్రమే వైద్యుని వద్దకు వస్తారు. నొప్పి లేకపోవడం ఇక్కడ ఊరట కాదు, హెచ్చరిక.

2. కీలు స్థిరత్వం: మొదటి ప్రశ్న

చీలమండ కీలు నిర్మాణం వడ్రంగి పనిని తలపిస్తుంది. మోకాలి కింది పెద్ద ఎముక టిబియా, సన్నని ఎముక ఫిబులా కలిసి కింది చివర ఒక గూడు ఏర్పరుస్తాయి. పాదం పైఎముక టాలస్ ఆ గూట్లో బిగిసి కూర్చుంటుంది. లోపలి గుబ్బ టిబియాది, బయటి గుబ్బ ఫిబులాది. ఈ రెంటినీ పట్టి ఉంచే బంధనాలు తెగితే గూడు వెడల్పవుతుంది, టాలస్ పక్కకు జరుగుతుంది. ఆ జరుగుదల ఒక్క మిల్లీమీటరైనా టిబియా, టాలస్‌ల మధ్య స్పర్శతలం 42 శాతం తగ్గుతుందని 1976లో రామ్సే, హామిల్టన్‌లు ప్రయోగశాలలో చూపారు. శస్త్రవైద్యులు మిల్లీమీటర్ల కోసం పట్టుబట్టడానికి ఈ ఒక్క లెక్క కారణమైనంతగా మరేదీ కాలేదనవచ్చు.

1769లో లండన్ శస్త్రవైద్యుడు పెర్సివల్ పాట్ ఈ గాయాన్ని వర్ణించిన నాటికి శస్త్రచికిత్స ఊసు లేదు. కాలిని ఏ భంగిమలో ఉంచి కట్టాలన్నదే చర్చ. ఇరవయ్యో శతాబ్ది మధ్యలో లాగె-హాన్సెన్ అనే డెన్మార్క్ వైద్యుడు పాదం ఏ వైపు తిరిగి ఎముక విరిగిందన్న దాన్ని బట్టి, ఆ తరువాత డానిస్, వెబర్‌లు ఫిబులా ఏ ఎత్తులో విరిగిందన్న దాన్ని బట్టి వర్గీకరణలు చేశారు. వెబర్ పద్ధతిలో కీలుకు కింద విరిగితే ఏ, కీలు మట్టంలో విరిగితే బి, పైన విరిగితే సి. బోధనకు ఇవి సౌకర్యమే. కాని వృద్ధ రోగి మంచం పక్కన నిలబడిన వైద్యునికి కావలసింది అక్షరం కాదు. ఈ కీలు బరువు మోస్తే నిలుస్తుందా అన్నది. లోపలి వైపు చెక్కుచెదరకుండా, ఫిబులా ఒక్కటే కీలు మట్టంలో విరిగినప్పుడు, నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో టాలస్ స్థానం తప్పకుంటే ఆ కీలు స్థిరమైనదే. దానికి శస్త్రచికిత్స అవసరం లేదు. బూటు వంటి ఆధారం వేసి నడిపించవచ్చు. రెండు గుబ్బలూ, వాటితో పాటు టిబియా వెనుక అంచూ విరిగితే అది అస్థిరం. ఈ వ్యాసంలోని చర్చ అంతా ఈ రెండో రకం గురించే.

3. పిండికట్టా, ప్లేటా?

యువకుల్లో అస్థిర అస్థిభంగానికి ప్లేటు, స్క్రూలు వేయడం 1958లో స్విట్జర్లాండులో ఏర్పడిన ఏఓ బృందం ప్రభావంతో ప్రపంచమంతటా స్థిరపడింది. అదే సూత్రం వృద్ధులకూ వర్తిస్తుందని చాలాకాలం అనుకున్నారు. ఆ నమ్మకాన్ని నేరుగా పరీక్షించిన అధ్యయనం ‘ఎయిమ్’. బ్రిటన్‌లోని 24 కేంద్రాల్లో, 60 ఏళ్లు దాటిన 620 మందిపై జరిగిన ఈ పరిశోధన 2016లో ‘జామా’ పత్రికలో వెలువడింది. సగం మందికి శస్త్రచికిత్స చేశారు. మిగిలినవారికి మత్తు ఇచ్చి, ఎముకను సరిచేసి, చర్మానికి దగ్గరగా, పలుచని దూదితో ఒదిగి ఉండే ప్రత్యేకమైన పిండికట్టు వేశారు. ఆరు నెలల తరువాత నూటికి లెక్కించే కీలు పనితీరు కొలమానంలో శస్త్రచికిత్స వర్గానికి 66.0, కట్టు వర్గానికి 64.5 వచ్చాయి. వాస్తవంలో రెండూ ఒకటే. గాయం చీము పట్టడం, తెరుచుకోవడం శస్త్రచికిత్స వర్గంలో 10 శాతం మందికి, కట్టు వర్గంలో 1 శాతానికి జరిగింది. మూడేళ్ల తరువాత చూసినా పనితీరులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

ఇక్కడితో ఆపి, వృద్ధులకు కత్తి అక్కరలేదని తీర్పు చెప్పేవారు ఆ అధ్యయనంలోని మరో రెండు అంకెలను దాటవేస్తున్నారు. కట్టు వేసినవారిలో 19 శాతం మందికి ఎముక కట్టులో నిలవక, తరువాత శస్త్రచికిత్స చేయవలసి వచ్చింది. ఎక్స్‌రేలో వంకరగా అతుక్కోవడం కట్టు వర్గంలో 15 శాతం, శస్త్రచికిత్స వర్గంలో 3 శాతం. పైగా ఆ కట్టు వేసినవారు అందుకు శిక్షణ పొందిన శస్త్రవైద్యులు. వేసిన చోటు శస్త్రచికిత్సాగారం. తరచూ ఎక్స్‌రేలు తీసి, జారిందనగానే మార్చారు. సాధారణ వార్డులో సహాయకుడు వేసే మందపాటి కట్టుకూ దీనికీ పేరు తప్ప పోలిక లేదు. కాబట్టి ‘ఎయిమ్’ చెప్పింది కట్టు చాలునని కాదు, నిపుణుడు వేసి నిఘాలో ఉంచిన కట్టు చాలునని. మెట్లు దిగలేని రోగిని ప్రతివారం ఇద్దరు మోసుకొని ఆటోలో ఎక్కించి తీసుకురావలసిన చోట, ఆ నిఘా ఎంతవరకు సాధ్యమన్నది చికిత్సకు ముందే తేల్చుకోవాలి.

4. ఐదు మార్కుల ప్రశ్న

పైన చెప్పిన పనితీరు కొలమానాన్ని 1984లో స్వీడన్‌కు చెందిన ఒలెరూడ్, మొలాండర్‌లు రూపొందించారు. నూరు మార్కుల్లో నొప్పికి 25, పనిపాటలకు 20. బిగుతు, వాపు, మెట్లెక్కడం, ఊతకర్ర అవసరం – వీటికి తలా 10. పరుగెత్తడం, గెంతడం, గొంతుకూర్చోవడం – వీటికి తలా 5. డెబ్బై ఏళ్ల స్వీడన్ వృద్ధురాలు గొంతుకూర్చోలేకపోయినా 95 మార్కులతో హాయిగా బతకగలదు. మలక్‌పేటలో అదే వయసు స్త్రీ మరుగుదొడ్డికి వెళ్లాలన్నా, దేవుని గూటి ముందు దీపం పెట్టాలన్నా, కూర తరగాలన్నా కిందికి వంగి లేవాలి. అక్బర్‌బాగ్‌లోనో సైదాబాద్‌లోనో నమాజు చేసే వృద్ధునికి మడమ మడిచి కూర్చోవడం రోజుకు ఐదుపూటల అవసరం. ఈ కొలమానంలో దీని విలువ ఐదు మార్కులే. జీవితంలో సగం దినచర్య.

ఈ తేడా చిన్నది కాదు. శరీరాన్ని ముందుకు వంచి గొంతుకూర్చోవాలంటే పాదం పైకి బాగా మడవాలి. కీలు వంకరగా అతికినా, వారాల తరబడి కట్టులో బిగుసుకుపోయినా ముందుగా పోయేది ఆ మడతే. ఐరోపా గణాంకాల్లో కనిపించని నష్టం ఇక్కడి ఇంట్లో మొదటి రోజే కనిపిస్తుంది. అందువల్ల రెండు చికిత్సలూ సమానమన్న నిర్ధారణను యథాతథంగా అన్వయించడం కంటే, ఈ రోగి ఏ కదలికను కోల్పోతే దేన్ని కోల్పోతారో అడిగి తెలుసుకోవడం సబబు. నేలమీద కూర్చోవడం ముఖ్యమైన, ఆరోగ్యకరమైన చర్మం ఉన్న, నడక బాగున్న వ్యక్తికి సరైన అమరికతో శస్త్రచికిత్స చేసి త్వరగా కీలు కదిలించడం మేలు. మంచానికే పరిమితమైన వ్యక్తికి అంత పట్టుదల అక్కరలేదు.

5. చర్మం, రక్తం, చక్కెర

చీలమండ చుట్టూ కండ లేదు. చర్మం కిందే ఎముక. యువకునిలో అది పెద్ద సమస్య కాదు. వృద్ధుల్లో కాగితంలా పలుచబడిన చర్మం, దాని కింద ప్లేటు, పైన కుట్లు – ఈ మూడింటి మధ్య గాయం మానడం కష్టం. విరిగిన గంటల్లోనే వాపు పెరిగి నీటిబొబ్బలు లేస్తాయి. ఆ దశలో కోత పెట్టడం ప్రమాదకరం. కీలు తొలగి ఉంటే వెంటనే సరిచేసి, ఆధారపు కట్టు వేసి, కాలిని ఎత్తులో ఉంచి, చర్మంపై సహజమైన ముడతలు మళ్లీ కనిపించే దాకా ఆగాలి. ఒక్కోసారి వారం, పదిరోజులు పడుతుంది. ‘ఇన్ని రోజులు ఎందుకు ఆపారు’ అని బంధువులు అడగడం సహజం. ఆ ఎదురుచూపు చికిత్సలో భాగమని చెప్పకపోవడం వైద్యుల వైపు లోపం.

మధుమేహం ఈ లెక్కలన్నిటినీ మారుస్తుంది. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ – ఇండియాబ్ అధ్యయనం దేశంలో 10 కోట్లకు పైగా మధుమేహులున్నారని అంచనా కట్టింది. వృద్ధుల ఎముకల వార్డులో వీరు ఉండడం మినహాయింపు కాదు. శస్త్రచికిత్సకు ముందు చూడవలసింది ఆ ఉదయపు చక్కెర మాత్రమే కాదు. గడచిన మూడు నెలల సగటును తెలిపే పరీక్ష, పాదంపై నాడి అందుతోందా, పది గ్రాముల మోనోఫిలమెంట్ దారం తాకిడి పాదానికి తెలుస్తోందా అన్నవి. ఈ దారపు పరీక్షకు ఖర్చు దాదాపు లేదు, రెండు నిమిషాల్లో అయిపోతుంది. అయినా ఎముకల విభాగంలో తరచూ మరచిపోయేది అదే. స్పర్శ లేని కాలిలో సాధారణ ప్లేటు విరుగుతుంది, స్క్రూలు ఊడుతాయి, కీలు ముద్దగా కూలిపోతుంది. చివరకు కాలే తీసివేయవలసి రావచ్చు. అటువంటివారికి ఫిబులా నుంచి టిబియాలోకి అదనపు స్క్రూలు వేసి మరింత దృఢంగా బిగించి, ఇతరులకు ఆరు వారాలైతే వీరికి దాదాపు రెట్టింపు కాలం రక్షణ కల్పించాలని నిపుణులు సూచిస్తారు. ఇక్కడ పిండికట్టును సురక్షితమైన దారిగా భావించడం కూడా పొరపాటే. నొప్పి తెలియని కాలికి కట్టు ఒరుసుకొని పుండు పడినా రోగికి తెలియదు.

మత్తు గురించి భయం ఇప్పుడు పూర్వమంత లేదు. మలక్‌పేటకు ఎదురుగట్టున అఫ్జల్‌గంజ్‌లో ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో 1888, 1889లలో హైదరాబాదు క్లోరోఫాం కమిషన్లు పనిచేసిన నాటికి మత్తుతో గుండె ఆగుతుందా, ఊపిరి ఆగుతుందా అన్నదే ప్రపంచపు వాదం. నేడు మోకాలి వెనుక నాడికి మందు ఇచ్చి, గుండె జబ్బు ఉన్న వృద్ధునికీ చీలమండ శస్త్రచికిత్స చేయగలుగుతున్నారు. రక్తం పలుచబరిచే మాత్రలు వాడుతున్నారా అన్న సమాచారం మాత్రం ముందే తెలియాలి.

6. ఎముక నాణ్యత: తెలుగు నేల ఆధారాలు

తుంటి, మణికట్టు, వెన్నుపూసల విరుపులకు ఎముకలు గుల్లబారడంతో ఉన్న సంబంధం స్పష్టం. చీలమండ విషయంలో అది అంత సూటిగా లేదు. శరీర బరువు పాత్ర కూడా ఉంది. కాని విరిగిన తరువాత స్క్రూ పట్టు దొరకడం, దొరకకపోవడం మాత్రం ఎముక నాణ్యతను బట్టే. ఈ విషయంలో దూరదేశాల గణాంకాలు వెతకనక్కరలేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో వీణా శత్రుఘ్న బృందం నగరపు అల్పాదాయ వర్గాలకు చెందిన, 30 నుంచి 60 ఏళ్ల మధ్య వయసున్న 289 మంది స్త్రీల ఎముకల సాంద్రతను కొలిచి 2005లో ప్రకటించింది. సంపన్న దేశాల స్త్రీలతో పోలిస్తే వీరి సాంద్రత చాలా తక్కువ. దానికి పోషణతో సంబంధం ఉంది. తిరుపతి స్విమ్స్‌లో హరినారాయణ్ బృందం 2007లో ప్రచురించిన పరిశోధన ఆరోగ్యవంతులైన దక్షిణ భారతీయుల్లోనే ఆహారంలో కాల్షియం తక్కువ, దాన్ని ఒంటబట్టనీయని ఫైటేట్ ఎక్కువ, డి విటమిన్ లోపం విస్తారమని చూపింది. ఎండ పుష్కలంగా ఉన్న నేల మీద ఈ లోపం విచిత్రంగా అనిపించవచ్చు. నాలుగు గోడల మధ్య గడిచే వృద్ధుల రోజును తలచుకుంటే ఆశ్చర్యం తగ్గుతుంది.

నల్లగొండ దారి వెంట వచ్చే రోగుల్లో మరో సమస్య ఉంది. ఫ్లోరోసిస్ మన దేశంలో మొదట 1937లో నాటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి ప్రాంతాల నుంచి వైద్య సాహిత్యానికెక్కింది. తరువాత నల్లగొండ పేరు దానికి పర్యాయపదమైంది. దశాబ్దాల పాటు ఆ నీరు తాగిన వృద్ధుని ఎముక ఎక్స్‌రేలో తెల్లగా, దట్టంగా కనిపిస్తుంది. దట్టమైనదంతా దృఢమైనది కాదు. ఆ ఎముక పెళుసు. గుల్లబారిన ఎముకలో స్క్రూ పట్టు దొరకదు; ఈ ఎముకలో డ్రిల్లు సాగదు, స్క్రూ వేస్తుండగానే పగులు రావచ్చు. ఊరు ఏదని, ఏ నీరు తాగారని అడగడం ఇక్కడ మర్యాద ప్రశ్న కాదు, శస్త్రచికిత్సా ప్రణాళికలో భాగం.

7. ఏ శస్త్రచికిత్స?

సాంప్రదాయిక పద్ధతిలో ఫిబులా పక్కన పొడవాటి కోత పెట్టి, సన్నని ప్లేటు అమర్చి, లోపలి గుబ్బను రెండు స్క్రూలతోనో, తీగ ముడితోనో బిగిస్తారు. గుల్లబారిన ఎముకలో మామూలు స్క్రూలు ఊడిపోకుండా, ప్లేటుకే తల బిగుసుకునే లాకింగ్ స్క్రూలు వచ్చాయి. ఫిబులా వెనుక వైపు ప్లేటు పెడితే పట్టు మెరుగు, చర్మం కింద తగలడం తక్కువ. కోతను తగ్గించాలన్న ఆలోచన నుంచి పుట్టింది ఫిబులా నెయిల్: చిన్న గాటు గుండా ఎముక లోపలికి సన్నని కడ్డీని పంపడం. ఎడిన్‌బరోలో 65 ఏళ్లు దాటిన వందమందిపై జరిగి 2016లో వెలువడిన అధ్యయనంలో నెయిల్ వేసినవారిలో గాయం చీము పట్టడం ప్లేటు వర్గం కంటే గణనీయంగా తక్కువ. ఏడాది తరువాత పనితీరు సమానం. పలుచని చర్మం, మధుమేహం ఉన్నవారికి ఇది ఆశాజనకం.

బాగా బలహీనులై, ఎక్కువ రోజులు మంచంలో ఉండలేనివారికి పాదం అడుగు నుంచి మడమ ఎముక, టాలస్‌ల గుండా టిబియాలోకి పొడవైన కడ్డీ వేసి, మరునాడే నిలబెట్టే పద్ధతి కూడా ఉంది. కుట్లు తక్కువ, బరువు వెంటనే మోపవచ్చు. కాని చీలమండ కదలిక దాదాపు పోతుంది. గొంతుకూర్చోవడం, మడమ మడిచి నమాజు చేయడం ఇక సాధ్యం కావు. ఇంట్లో నడిచి, కుర్చీలో కూర్చుంటే చాలుననుకునే వ్యక్తికి ఇది వరం. తెలియకుండా చేయించుకున్నవారికి తీరని లోటు. సమ్మతి పత్రంపై వేలిముద్ర వేయించే ముందు చెప్పవలసిన మాట ఇదే.

8. కట్టువైద్యం

శస్త్రచికిత్స అనగానే వృద్ధులు ‘పుత్తూరు కట్టు’ను తలచుకుంటారు. పుత్తూరు సమీపంలోని రాచపాళెంలో తరతరాలుగా సాగుతున్న ఈ వైద్యంలో కోడిగుడ్డు తెల్లసొన, ఆకుపసరు, గుడ్డ, వెదురు బద్దలు వాడతారు. ఆ పేరు రాసిన బోర్డులు తెలుగు నగరాలన్నిటా కనిపిస్తాయి. దీన్ని మూఢత్వమని కొట్టివేయడం సరికాదు. స్థిరమైన విరుపులు ఏ కట్టులోనైనా అతుకుతాయి. ‘ఎయిమ్’లో గెలిచినది కూడా ఒక కట్టే. కాని తొలగిన కీలును మత్తు లేకుండా సరిచేయడం, అమరికను ఎక్స్‌రేతో సరిచూడకపోవడం, వాపు మీద బిగించి కట్టడం చీలమండకు ప్రమాదకరం. మధుమేహం ఉన్న కాలికి మరీ. నెల తరువాత వంకరగా అతికి వచ్చిన చీలమండను సరిచేయడం మొదటి రోజు చేయవలసిన శస్త్రచికిత్స కంటే ఎన్నో రెట్లు కష్టం.

9. నిలబడే రోజు

శస్త్రచికిత్స తరువాత ఆరు వారాలు కాలు నేలకు ఆనించవద్దని చెప్పడం ఆనవాయితీ. యువకుడు చేతికర్రలతో గెంతుకుంటూ తిరుగుతాడు. డెబ్బై అయిదేళ్ల వృద్ధుని చేతుల్లో ఆ బలం లేదు. అతనికి ఆ ఆజ్ఞ అర్థం మంచమే. మంచం పుండ్లు, న్యుమోనియా, కాలి సిరల్లో రక్తం గడ్డకట్టడం అక్కడే మొదలవుతాయి. 2024లో ‘లాన్సెట్’లో వచ్చిన ‘వ్యాక్స్’ అధ్యయనం బ్రిటన్‌లోని 23 ఆసుపత్రుల్లో 480 మందిని పరిశీలించి, రెండు వారాలకే బరువు మోపనిచ్చినా ఫలితం ఆరు వారాలు ఆగిన దానికంటే తక్కువ కాదని చూపింది. అందులో అన్ని వయసుల పెద్దలూ ఉన్నారు. పాదంలో స్పర్శ లేనివారికి దీన్ని నేరుగా వర్తింపజేయరాదు. మిగిలిన వృద్ధుల్లో, బిగింపు దృఢంగా ఉందని శస్త్రవైద్యునికి నమ్మకం ఉన్నప్పుడు, పాత ఆనవాయితీని పట్టుకు వేలాడడానికి కారణం కనిపించదు.

అందుకే ఇంటి గురించిన ప్రశ్నలు శస్త్రచికిత్సకు ముందే పడాలి. ఏ అంతస్తు, ఎన్ని మెట్లు, మెట్లకు పట్టుకునే కడ్డీ ఉందా, మరుగుదొడ్డి ఏ రకం, పగటిపూట ఇంట్లో ఎవరుంటారు? రెండో అంతస్తులో ఉండే కుటుంబం ఆరు వారాల పాటు కింది వాటాలో ఒక గది ఇమ్మని యజమానిని అడగగలదా? గొంతుకూర్చునే దొడ్డి మీద అమర్చే ఇనుప కుర్చీ మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్‌లలోని వైద్య పరికరాల దుకాణాల్లో దొరుకుతుంది. రోగి ఇంటికి చేరే నాటికి అది అక్కడ ఉండాలి. నాలుగు కాళ్ల వాకర్‌తో నడవడం కాలు బాగున్న వైపు బరువు మోపి శస్త్రచికిత్సకు ముందే ఒకసారి నేర్పిస్తే, ఆ తరువాత నొప్పిలో నేర్పవలసిన పని తగ్గుతుంది.